అడవిలో దొరికిన రెక్క ఎవరిది?

అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో వేట కోసం, మిష్మీ తీతా లాంటి మందు మొక్కల కోసం వారాల తరబడి పై అడవుల్లో తిరిగేవాళ్లకు కూలిన విమానాలు కొత్త కాదు. తాతల కాలం నుంచి చూస్తూనే ఉన్నారు. ఫలానా వాగు దాటాక రెక్క కనిపిస్తుంది, అక్కడి నుంచి ఎడమకు తిరగాలి అని దారి చెప్పేటప్పుడు వాటిని గుర్తులుగా వాడుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన ఆ విమానాలు ఎక్కడున్నాయో ఊళ్లోవాళ్లకు తెలుసు. అందులో ఎవరున్నారో అమెరికాలోని పాత ఫైళ్లకు తెలుసు. ఈ రెండూ ఒకచోట కలవడానికి 60, 70 ఏళ్లు పట్టింది. కొన్ని విమానాల విషయంలో ఇప్పటికీ కలవలేదు.

1980ల చివర్లో నేను సియాంగ్ లోయలో కంపెనీతో ఉన్నాను. ఒకసారి లాంగ్ రేంజ్ పెట్రోలింగ్‌లో ఒక ఆదీ గ్రామంలో రాత్రి ఆగాం. ఊరి పెద్దను అక్కడ గావ్‌బూఢా అంటారు. ఎర్ర కోటు వేసుకున్న ఆ పెద్దమనిషి ఇంటి వెనక పందులకు మేత పెట్టే తొట్టి చూసి నాకు ఆశ్చర్యం వేసింది. తెల్లగా మెరుస్తున్న రేకు, వరసగా రివెట్లు. మా సుబేదార్ సాబ్ వంగి చూసి, “సార్, ఇది విమానం చర్మం” అన్నాడు. గావ్‌బూఢా నవ్వి, తన తండ్రి ముగ్గురు మనుషులతో కలిసి రెండు రోజులు నడిచి మోసుకొచ్చాడని హిందీలో చెప్పాడు. “ఇనుము కాదు సాబ్, తుప్పు పట్టదు. మా నాన్న పోయాడు, తొట్టి అలాగే ఉంది.” దాని లోపలి వైపు ఒక నంబరు గుద్ది ఉంది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత తేజ్‌పూర్‌లో కలిసిన ఒక వైమానిక దళ ఇంజినీరుకు చూపిస్తే, అది విడిభాగం నంబరు, విమానం నంబరు కాదు అన్నాడు. ఒకే నంబరున్న రేకులు వేల విమానాల్లో ఉంటాయి. మరి విమానం నంబరు ఎక్కడుంటుంది అని అడిగాను. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. పదవీ విరమణ తర్వాత నా చదువంతా దాదాపు దీని చుట్టూనే సాగింది.

అన్ని విమానాలు అక్కడికి ఎలా వచ్చాయో ముందు చెప్పుకోవాలి. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించడంతో చైనాకు సరుకు వెళ్లే బర్మా రోడ్డు మూతపడింది. చైనాను యుద్ధంలో నిలబెట్టాలంటే ఆకాశ మార్గం ఒక్కటే మిగిలింది. అసోంలోని ఛబువా, దిన్‌జాన్, మోహన్‌బారి, సూకెరాటింగ్ లాంటి విమానాశ్రయాల నుంచి తూర్పు హిమాలయాల కొసలు, పాట్కాయ్ కొండలు దాటి కున్మింగ్‌కు ప్రయాణం. పైలట్లు దాన్ని ‘హంప్’ అన్నారు, అంటే మూపురం. 1942 వసంతం నుంచి 1945 నవంబరు దాకా ఈ దారిలో సుమారు ఆరున్నర లక్షల టన్నుల సరుకు వెళ్లింది. దానికి చెల్లించిన మూల్యం సుమారు 600 విమానాలు. శత్రువు తుపాకీకి పడిపోయినవి వాటిలో కొద్ది. మంచు పేరుకుని, దారి తప్పి, ఇంజిన్ ఆగి, గంటకు 150 కిలోమీటర్లు దాటే ఎదురుగాలిలో ఇంధనం అయిపోయి కూలినవే ఎక్కువ. లోయల్లో మెరుస్తున్న శకలాలను చూసుకుంటూ వెళ్లొచ్చని పైలట్లు ఆ మార్గాన్ని ‘అల్యూమినియం బాట’ అని పిలుచుకున్నారు. అందులో ఎగతాళి లేదు, భయమే ఉంది.

ఈనాటికీ భారత భూభాగంలో ఆచూకీ తేలని అమెరికన్ సైనికులు సుమారు 400 మంది ఉంటారని వాళ్ల ప్రభుత్వ అంచనా. ఎక్కువమంది ఈశాన్యంలోనే.

ఇంజిన్ చెప్పే సాక్ష్యం

కూలిన విమానాన్ని గుర్తుపట్టడం మోటారు వాహనాన్ని గుర్తుపట్టడం లాంటి పనే. నంబర్ ప్లేటు పోతే ఛాసిస్ నంబరు, అదీ లేకపోతే ఇంజిన్ నంబరు. అమెరికన్ సైనిక విమానాల సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు ఆర్డరు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం. 42-73308 అంటే 1942 ఆర్డరు. తోక మీద పెయింటు వేసేటప్పుడు ఆ మొదటి 4 వదిలేసి 273308 అని రాసేవారు. అడవిలో దొరికిన తోకముక్క మీద చివరి మూడంకెలు మిగిలినా పెద్ద ఆధారమే. కానీ పెయింటు వానకు పోతుంది, తోక కాలిపోతుంది, కాక్‌పిట్‌లోని పేరు పలకను ఎవరో ఊడదీసుకుని వెళ్లిపోతారు.

మిగిలేది ఇంజిన్. వందల కిలోల బరువుండే దాన్ని కొండ మీద నుంచి ఎవరూ మోసుకుపోలేరు. వేటగాడు తెచ్చిన ఒక ఫొటో నుంచే చాలా తెలుస్తుంది. రెండు వరసల్లో కలిపి 14 సిలిండర్లు ఉన్నాయా, 18 ఉన్నాయా? 18 అయితే సి-46 రవాణా విమానం కావచ్చు, బి-29 బాంబర్ కావచ్చు. 14 అయితే సి-47 డకోటా, లేదా బి-24 లిబరేటర్ కుటుంబం. ఈ రెండింటికీ ఇంజిన్ రకం ఒకటే కాబట్టి ఆ దగ్గర్లో ఎన్ని ఇంజిన్లు పడి ఉన్నాయో చూడాలి. డకోటాకు రెండు, లిబరేటర్‌కు నాలుగు. ఇంజిన్ దగ్గర టర్బో ఛార్జర్ కూడా కనిపిస్తే అది లిబరేటరే, డకోటాకు అది ఉండదు. V ఆకారంలో 12 సిలిండర్లు ఉంటే యుద్ధ విమానం, అంటే లోపల ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఇలా వెతకాల్సిన మనుషుల సంఖ్య ఒకటా, నాలుగా, ఎనిమిదా, పదకొండా అన్నది సిలిండర్ల లెక్కతోనే మొదలవుతుంది.

రకం తెలిస్తే చాలదు, ఆ రకంలో ఏదో తెలియాలి. ఇక్కడ అమెరికన్ సైన్యపు గుమాస్తాగిరికి నేను దండం పెడతాను. 1943 మధ్య నుంచి ఏ విమానమైనా తిరిగి రాకపోతే 48 గంటల్లో ఒక నివేదిక నింపాలని వాళ్లు నిబంధన పెట్టారు. ‘మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్’ అంటారు. అందులో విమానం సీరియల్ నంబరు, సిబ్బంది పేర్లు, వాళ్ల ఇళ్ల చిరునామాలు, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారు, ఆనాటి వాతావరణం, అన్నిటికీ మించి ప్రతి ఇంజిన్ సీరియల్ నంబరు, ప్రతి మెషిన్‌గన్ సీరియల్ నంబరు ఉంటాయి. యుద్ధం మధ్యలో, వర్షం కారే టెంటులో, టైప్‌రైటర్ ముందు కూర్చున్న ఏ క్లర్కో ఓపిగ్గా కొట్టిన ఆ నంబర్లే ఇప్పుడు సాక్ష్యం. 60 ఏళ్ల తర్వాత అడవిలో తుప్పు పట్టిన బ్రౌనింగ్ తుపాకీ మీది నంబరు ఆ కాగితంతో సరిపోతే ఇక వాదన లేదు.

సైన్యంలో పనిచేసినవాళ్లకు తెలుసు, ఆయుధం నంబరు రిజిస్టర్‌లో రాయడం కంటే విసుగు పని లేదు. ఆ విసుగు పని ఎందుకో కొత్తగా వచ్చే అధికారులకు ఈ ఉదాహరణ చెప్పాలని నా కోరిక.

ఒక చిక్కు కూడా ఉంది. యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాలు కాన్పూర్‌లో వదిలేసి వెళ్లిన లిబరేటర్లను బెంగళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ బాగుచేసి మన వైమానిక దళానికి అందించింది. 1968 దాకా అవి ఎగిరాయి. కాబట్టి ఈ దేశంలో లిబరేటర్ శకలం దొరికినంత మాత్రాన అది హంప్ మీద పోయిన అమెరికా విమానమే అనుకోకూడదు. నంబరు చూడందే ఏ ఇంటికీ కబురు పంపకూడదు.

‘హాట్ యాజ్ హెల్’

నేను ఇందాక రాసిన 42-73308 ఊరికే రాసిన నంబరు కాదు. అది ‘హాట్ యాజ్ హెల్’ అనే బి-24 లిబరేటర్‌ది. 308వ బాంబార్డ్‌మెంట్ గ్రూప్‌కు చెందింది. ఆ గ్రూప్ చైనాలో ఉండి జపాన్ స్థావరాల మీద బాంబులు వేసేది. అయితే చైనాలో పెట్రోలు లేదు, బాంబులు లేవు. కాబట్టి ఆ బాంబర్లే హంప్ దాటి అసోం వచ్చి తమ సరుకు తామే మోసుకెళ్లాలి. ఒక్క దాడి చేయడానికి ముందు మూడు, నాలుగుసార్లు కొండలు దాటాల్సి వచ్చేది. 1944 జనవరి 25న ‘హాట్ యాజ్ హెల్’ ఎనిమిది మందితో కున్మింగ్ నుంచి ఛబువాకు అలాంటి ప్రయాణంలోనే బయలుదేరింది. వాతావరణం బాగాలేదు. విమానం చేరలేదు. వెతికారు, దొరకలేదు.

2006లో అరిజోనాకు చెందిన క్లేటన్ కూల్స్ అనే పర్వతారోహకుడు ఎగువ సియాంగ్ ప్రాంతంలోని దామ్‌రో గ్రామం నుంచి స్థానికులతో కలిసి పైకి ఎక్కి, సుమారు తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఆ శకలాలను చేరుకున్నాడు. ఆయన ప్రభుత్వ మనిషి కాడు. సొంత ఖర్చుతో ఏళ్ల తరబడి ఈ కొండల్లో తిరిగి ఇలాంటివి చాలా గుర్తించాడు. ఆయన పద్ధతిలో రహస్యం ఏమీ లేదు. ఊళ్లోకి వెళ్లి వేటగాళ్లను అడగడం, వాళ్ల వెనక నడవడం, నంబర్లు ఫొటో తీయడం, వాటిని నివేదికలతో పోల్చడం. ‘కనుక్కున్నాడు’ అని పత్రికలు రాశాయి. ఆదీ వేటగాళ్లకు ఆ మాట కాస్త నవ్వు తెప్పించి ఉంటుంది. కనుక్కున్నది వాళ్లే, పేరు తేల్చింది ఆయన. రెండూ కావాలి.

విమానం ఏదో తేలింది. అయితే లోపలి మనుషుల మాటేమిటి? ఇక్కడి నుంచి పని అమెరికా రక్షణ శాఖలో ఆచూకీ లేని సైనికుల లెక్క తేల్చే సంస్థది. ఇప్పుడు దాన్ని డీపీఏఏ అంటున్నారు. అంతకుముందు విడివిడిగా ఉన్న విభాగాలను కలిపి 2015లో ఏర్పాటు చేశారు. ప్రధాన ప్రయోగశాల హవాయిలో ఉంది. 2008లో ఒక బృందం వచ్చి స్థలం చూసి వెళ్లింది. తవ్వకం మాత్రం 2015 సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య గాని జరగలేదు.

ఈ ఆలస్యానికి కారణం కొండలు, వానలే కాదు. అరుణాచల్‌ను చైనా తనదంటుంది, దక్షిణ టిబెట్ అని పేరు పెట్టుకుంది. అక్కడ అమెరికా సైనిక బృందం, అది ఎముకల కోసం వచ్చినదే అయినా, వారాల తరబడి గుడారాలు వేసుకుని ఉండటం ఢిల్లీకి చిన్న విషయం కాదు. మధ్యలో కొన్నేళ్లు అనుమతులు ఆగిపోయాయి. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. సరిహద్దులో పనిచేసినవాణ్ని, కొత్త మనిషి చేతిలో జీపీఎస్ కనబడితే ముందు అనుమానమే వస్తుంది. అయితే అనుమతి ఇవ్వడం వల్ల మనకు నష్టం జరగలేదు. మన భూభాగంలో పని చేయాలంటే మన వీసా, మన ఇన్నర్ లైన్ నిబంధనలు, మన అధికారి పక్కన ఉండటం అవసరమని ఒక అగ్రరాజ్యం ప్రతి అడుగులో ఒప్పుకుని నడిచింది. మాటల్లో చెప్పే ఖండన కన్నా ఆ ప్రతి అనుమతి పత్రం అరుణాచల్ ఎవరిదో గట్టిగా చెబుతుంది.

2016 ఏప్రిల్‌లో అమెరికా రక్షణ మంత్రి ఆష్టన్ కార్టర్ పర్యటన సమయంలో అవశేషాలను ఢిల్లీ నుంచి గౌరవ వందనంతో పంపారు. ఒక పేటిక మీద జెండా కప్పి ఉంది కాబట్టి చూసినవాళ్లు లోపల పూర్తి దేహం ఉందనుకుంటారు. అలా ఉండదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో కొండను ఢీకొని మంటల్లో కాలి, ఏటా మీటర్ల కొద్దీ వాన పడే ఆమ్ల నేలలో 70 ఏళ్లు ఉన్నాక మిగిలేవి వేలి గోరంత ముక్కలు. పురావస్తు శాస్త్రవేత్తలు నేలను గళ్లుగా విభజించి, ఒక్కో గడిలోని మట్టిని బకెట్లతో తీసి, సన్నని జల్లెడలో పోసి జల్లిస్తారు. అందులోంచి ఒక పన్ను, ఒక బటన్, బూటు మడమ ముక్క దొరకొచ్చు. పన్ను దొరికితే అదృష్టం. భర్తీ సమయంలో ప్రతి సైనికుడి పళ్ల చార్ట్ రాసిపెట్టారు, ఏ పన్నుకు సిమెంట్ పెట్టారో దానిలో ఉంటుంది. మెడలోని గుర్తింపు బిళ్ల దొరికినా అదొక్కటే చాలదంటారు. ఆ బిళ్ల ఆ విమానంలో ఉందని రుజువు, పక్కనున్న ఎముక ఆ మనిషిదేనని రుజువు కాదు.

మిగిలింది డీఎన్‌ఏ. ‘హాట్ యాజ్ హెల్’ నుంచి దొరికిన వాటితో తేలిన పేరు ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్. జార్జియా రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊరు, వయసు 24. 2017 జూన్‌లో ఆయన్ను సొంత ఊళ్లో పూడ్చారు. అప్పటికి ఆయన పోయి 73 ఏళ్లు. ఆయనతోపాటు విమానంలో మరో ఏడుగురు ఉన్నారు.

అసోంలో జరిగింది మరో రకం పని. 1944 జూన్ 26న జపాన్‌లోని ఉక్కు కర్మాగారం మీద దాడి తర్వాత వస్తున్న ఒక బి-29 బాంబర్ సపేఖాతి దగ్గర వరి మడిలో కూలింది. పదకొండు మందీ చనిపోయారు. మూడు రోజుల్లోనే కొందరి అవశేషాలు తీశారు. మిగతా వాళ్ల కోసం 1947లో సైన్యం వచ్చి చూసి దొరకలేదని రాసుకుని వెళ్లిపోయింది. కొండ మీద సమస్య ఎక్కడం, మడిలో సమస్య నీళ్లు. గుంట తీస్తే ఊట వస్తుంది. పంపులతో తోడుతూ, బురదను నీటితో కడుగుతూ జల్లించాలి. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు, మన గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి ఆ పని చేశారు. ఈ విశ్వవిద్యాలయానికి 2021 నుంచి డీపీఏఏతో ఒప్పందం ఉంది. 80 ఏళ్ల తర్వాత చెస్టర్ రింకే, వాల్టర్ మిక్లోష్, డోనల్ ఐకెన్ అనే ముగ్గురి పేర్లు తేలాయి. ఈ వార్తలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ బురదలో మన విద్యార్థులు కూడా నిలబడి నేర్చుకున్నారన్నది. ఆ విద్య మనకూ కావాలి. ఎందుకో చెబుతాను.

మన వాళ్ల మాట

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయలుదేరిన మన వైమానిక దళపు ఏఎన్-12, నంబరు బీఎల్-534, వాతావరణం బాగాలేక వెనుదిరిగి రోహ్‌తాంగ్ ప్రాంతంలో మాయమైంది. అందులో 102 మంది. 35 ఏళ్ల పాటు ఏమైందో తెలియలేదు. 2003లో మనాలీ పర్వతారోహణ సంస్థ బృందానికి హిమానీనదం దగ్గర శకలాలు, ఒక సైనికుడి దేహం కనిపించాయి. అప్పటి నుంచి సైన్యం, ముఖ్యంగా డోగ్రా స్కౌట్స్, పలుమార్లు పైకెక్కి వెతికింది. 2019 నాటికి ఐదు దేహాలు. 2024 సెప్టెంబరులో మరో నాలుగు. 56 ఏళ్ల తర్వాత కూడా జేబుల్లో కాగితాలు మిగిలాయి. మల్ఖాన్ సింగ్, నారాయణ్ సింగ్, థామస్ చెరియన్ అనే పేర్లు ఎక్కువగా అలాంటి పత్రాలతోనే తేలాయి. చెరియన్ ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్, కేరళ కుర్రాడు, 22 ఏళ్లు. మంచు కాబట్టి పే బుక్ మిగిలింది. అరుణాచల్ అడవిలో అయితే ఆరు నెలలు కూడా మిగలదు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి సంగతి ఒకటి ఉంది. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తూ ఏఎన్-32 విమానం, నంబరు కె-2743, బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. పెద్దఎత్తున గాలింపు జరిగింది, చిన్న తునక కూడా తేలలేదు. మనలో తద్దినం పెట్టాలన్నా తిథి కావాలి. పోయిన రోజు తెలుసు గాని పోయారని చెప్పే వస్తువు ఒక్కటీ లేని ఇళ్లవి. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మానవరహిత జలాంతర యంత్రం తీసిన చిత్రాలు బయటికొచ్చాయి. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతులో శకలాలు. అవి ఆ విమానానివేనని ఎలా చెప్పారో గమనించండి. చిత్రాల్లోని భాగాలు ఏఎన్-32 భాగాలతో సరిపోలాయి, ఆ ప్రాంతంలో మరే విమానమూ కనిపించకుండా పోయినట్టు రికార్డు లేదు. కాబట్టి ఇది అదే కావచ్చు అన్నారు. యంత్రం కొత్తది, తర్కం మాత్రం హంప్ శకలాల విషయంలో వాడినదే. ఎక్కడ ఏ విమానం పోయిందో తెలిపే జాబితా పూర్తిగా ఉంటేనే ఆ తర్కం నిలుస్తుంది.

అరుణాచల్‌లో ఆ జాబితా అవసరం ఇంకా ఎక్కువ. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా వెళ్తున్న ఏఎన్-32 పోయినప్పుడు ఎనిమిది రోజులు వెతికారు. 13 మంది. హెలికాప్టర్ నుంచి చూసేవాడికి చెట్ల సందున మెరిసే రేకు 2019దా, 1944దా అని క్షణంలో తేలదు. తెలిసిన పాత శకలాలన్నీ పటం మీద గుర్తించి వైమానిక దళం, సైన్యం, ఐటీబీపీ చేతుల్లో ఉంటే గాలింపులో ఆ గంటలు మిగులుతాయి. ఇది చరిత్ర మీద మోజుతో చెబుతున్న మాట కాదు, గాలింపు పని.

అమెరికాకు ఒక శాశ్వత సంస్థ ఉంది. దానికి బడ్జెట్, ప్రయోగశాల, చరిత్రకారులు, కుటుంబాలతో మాట్లాడే అధికారులు ఉన్నారు. మన దగ్గర ఒక్కో ప్రమాదానికి ఒక్కో గాలింపు. అది ముగిశాక ఫైలు మూసేస్తారు. బీఎల్-534 విషయంలో కొనసాగింపు వచ్చిందంటే అది స్కౌట్స్ పట్టుదల వల్ల, కొందరు కమాండర్ల శ్రద్ధ వల్ల. కమాండర్లు బదిలీ అవుతారు. 1971 యుద్ధంలో పశ్చిమ రంగంలో కూలిన మన విమానాల పైలట్లలో కొందరి సంగతి ఇప్పటికీ తేలలేదు. మూడు దళాలకూ కలిపి ఒక చిన్న విభాగం చాలు. 20, 30 మంది, ఒక ఫోరెన్సిక్ ప్రయోగశాలతో అనుసంధానం, పాత ప్రమాద నివేదికలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. ఖర్చంటారా? ఒక్క పెద్ద గాలింపులో హెలికాప్టర్లు తాగే ఇంధనం కన్నా ఎక్కువ కాదని నా అంచనా.

ఇంకో పని ఊళ్లలో జరగాలి. అల్యూమినియానికి ధర పెరిగినప్పుడల్లా పాత ఇనుప వ్యాపారి కొండ ఎక్కుతాడు. పందుల తొట్టి చేసుకున్నవాడి వల్ల పెద్ద నష్టం లేదు, ఆ ముక్క ఎక్కడిదో అతను చెప్పగలడు. తూకానికి కొని కరిగించేవాడి దగ్గర ఏ ఆనవాలూ మిగలదు. 2023 నవంబరులో పాసీఘాట్‌లో హంప్ మ్యూజియం తెరిచారు, మంచిదే. దానికోసం శకలాలు కిందికి తెస్తున్నప్పుడు ఒక్కోటి ఎక్కడ, ఏ స్థితిలో పడి ఉందో ముందు రాసుకోవాలి. చోటు తెలియని ముక్క అద్దాల పెట్టెలో అందంగా ఉంటుంది, దర్యాప్తుకు పనికిరాదు. ట్రెకింగ్‌కు వెళ్లే కుర్రకారుకు కూడా ఇదే. నంబరు ఉన్న పలక కనిపిస్తే ఫొటో తీయండి, చోటు గుర్తుపెట్టుకోండి, జిల్లా డిప్యూటీ కమిషనర్‌కు గానీ దగ్గర్లోని సైనిక శిబిరానికి గానీ చెప్పండి. ఊడదీసి జేబులో వేసుకోవద్దు. ఎముకలు కనిపిస్తే అసలు తాకవద్దు.

చివరగా, కాలం చాలా తక్కువగా ఉన్న పని ఒకటుంది. పాత ఎముకల్లో నిలిచే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. కొడుకులకూ వస్తుంది గాని వాళ్లు తమ పిల్లలకు అందించలేరు. అంటే చనిపోయిన సైనికుడి కొడుకో కూతురో వచ్చి రక్తం ఇచ్చినా ఈ పరీక్షకు పనికిరాదు, ఎందుకంటే వాళ్లది వాళ్ల అమ్మది. పనికొచ్చేది సైనికుడి తోబుట్టువులది, అక్కచెల్లెళ్ల పిల్లలది. బీఎల్-534లో 102 మంది ఉంటే ఇప్పటికి తొమ్మిది మందే దొరికారు. మంచు ఏటా కరుగుతోంది కాబట్టి మిగతావాళ్లు కూడా కొద్దికొద్దిగా బయటపడతారు, అందరి జేబుల్లోనూ పే బుక్ ఉండదు. ఆ సైనికుల అక్కచెల్లెళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లు. ఆధార్ కోసం వేలిముద్ర తీసుకున్నంత తేలిగ్గా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక దూది పుల్లతో బుగ్గ లోపల తుడిచి ఆ నమూనా తీసుకోవచ్చు. వాళ్లలో ఎందరు బతికి ఉన్నారో, ఏ ఊళ్లో ఉన్నారో ఆ కార్యాలయాలు ఈ ఏడాదే లెక్క తీయాలి.